జాబితాలో పేరు, పేరు పక్కన కారణం

అప్పు తీసుకున్న ప్రతి రైతుకూ, అరువు పెట్టిన ప్రతి డీలరుకూ అనుభవంలో ఉన్న సంగతి ఒకటి ఉన్నది. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే చెల్లుతుంది. అసలు ఎంత, వడ్డీ ఎంత, జమ చేసిన తేదీ ఏది అన్న తగాదా వచ్చినప్పుడు నోటిమాట నిలవదు. బ్యాంకులు ఖాతాదారునికి పాసుపుస్తకం ఇవ్వడంలోని ఉద్దేశం కూడ ఇదే. ఒకే లెక్క ఇద్దరి వద్ద ఉంటే పొరపాటు త్వరగా బయటపడుతుంది, అనుమానం త్వరగా తీరుతుంది.

గ్రామంలో ఖర్చయ్యే ప్రభుత్వ ధనానికి మాత్రం ఇటువంటి పాసుపుస్తకం చాలాకాలం లేదు. చెరువు పూడికతీతకు మంజూరైనది ఎంత, చౌకధరల దుకాణానికి వచ్చిన బియ్యం ఎన్ని బస్తాలు, పింఛను జాబితానుండి ఫలానా ముసలమ్మ పేరు ఎందుకు తొలగించారు అన్న వివరాలు కార్యాలయంలోని బీరువాలలో ఉండేవి. అడిగినవారికి "రేపు రండి" అన్న జవాబు దొరికేది.

2024 జూలైలో తెలంగాణలో పంట రుణాల మాఫీ అమలు మొదలైన రోజులను పాఠకులు మరచిపోయి ఉండరు. బ్యాంకు శాఖల ముందు నిలబడిన రైతులు అడిగినవి రెండే ప్రశ్నలు. జాబితాలో నా పేరు ఉన్నదా? లేకపోతే ఎందుకు లేదు? మొదటి ప్రశ్నకు కంప్యూటరు క్షణంలో సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఆ జాబితాలో "కారణం" అనే గడి ఒకటి ఉండాలి. ఆ గడి దానంతట అది పుట్టదు. జాబితాలో పేరున్నవారూ, పేరు లేనివారూ, జాబితాను తయారుచేసే ఉద్యోగులూ, కంప్యూటరు పని తెలిసినవారూ ఒకచోట కూర్చున్నప్పుడే అది ఏర్పడుతుంది. ప్రజలు కంప్యూటరు ద్వారా పరిపాలనలో పాలుపంచుకొనడాన్ని ఇప్పుడు డిజిటల్ ప్రజాస్వామ్యం అని వ్యవహరిస్తున్నారు. ఈ మాట పట్టణాలలో పుట్టినదైనా, మన దేశంలో దాని తొలి పాఠాలు రాజస్థాన్‌లోని కరవు పనుల వద్ద, మట్టి తట్టలు మోసిన స్త్రీలు నేర్పినవే. అందుచేత ఆ కథను కొంత వివరంగా చెప్పుకొనవలసి ఉన్నది.

మస్టరు రోలు రహస్యమా?

రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ జిల్లాలో దేవ్‌డూంగ్రీ అనే చిన్న పల్లె ఉన్నది. వర్షాభావం, రాతి నేల, సన్నకారు కమతాలు గల ప్రాంతం. 1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అక్కడికి చేరి ఒక మట్టి ఇంట్లో నివాసం ఏర్పరచుకున్నారు. శ్రీమతి అరుణా రాయ్ అంతకు పూర్వం ఐ.ఏ.ఎస్. అధికారిణి, ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి గ్రామాలకు వచ్చినవారు. కరవు పనులకు వెళ్ళే కూలీలకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం అందడం లేదని వారు గమనించారు. "మీరు చేసిన పని కొలతకు అంతే వస్తుంది" అని మేస్త్రీ చెప్పేవాడు. "ఆ కొలత పుస్తకం, మస్టరు రోలు చూపించండి" అని కూలీలు అడిగితే అవి ప్రభుత్వ రహస్యాలన్న సమాధానం వచ్చేది.

తమ చెమటకు సంబంధించిన లెక్క తమకే రహస్యం ఎలా అవుతుందన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామంలో ఈ సంఘం మొదటి "జన్ సునవాయీ", అనగా బహిరంగ విచారణ, జరిపింది. సేకరించిన లెక్కలను ఊరి నడుమ గుడారం వేసి బిగ్గరగా చదివి వినిపించడమే ఆ సభలో జరిగిన పని. చదువు రానివారు కూడ తమ పేరు విని లేచి నిలబడి, పనికి వెళ్ళినదీ లేనిదీ, కూలి అందినదీ లేనిదీ అందరి ఎదుట చెప్పారు. అప్పటినుండి వరుసగా జరిగిన ఇటువంటి సభలలో పనికి రానివారి పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు, చివరకు చనిపోయినవారి పేర్లు కూడ మస్టర్లలో కనిపించాయి.

ఇక్కడ డీలర్లకు, వర్తకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. లెక్కల నకళ్ళు ఇవ్వాలని కోరుతూ 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో మొదలైన ధర్నా 40 రోజులు సాగింది. బ్యావర్ వ్యాపార కేంద్రం. గ్రామాలనుండి వచ్చిన కూలీలకు అక్కడి వర్తకులు, కూరగాయలమ్మేవారు, కార్మిక సంఘాలవారు సరుకులూ సాయమూ అందించారు. పల్లె కూలీకి రావలసిన డబ్బు సక్రమంగా వస్తే అది చివరకు చేరేది బజారుకే గదా! వర్తకులు అంత దూరం ఆలోచించి చేశారో, మానవత్వంతో చేశారో గాని, ఆ ధర్నా నిలబడడంలో వారి పాలు తక్కువది కాదు. "మా డబ్బు, మా లెక్క" అన్న అర్థం గల హిందీ నినాదం ఆ ఉద్యమంలో ప్రసిద్ధి చెందింది.

రాజస్థాన్ శాసనసభ 2000లో సమాచార హక్కు చట్టం చేసింది. పార్లమెంటు చేసిన సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి దేశంలో పూర్తిగా అమలులోకి వచ్చింది. ఈ చట్టం పేరు చెప్పగానే అందరికీ దరఖాస్తు గుర్తుకు వస్తుంది. కాని చట్టంలోని 4వ సెక్షన్ అంతకన్న ముఖ్యమైనదని ఈ రచయిత అభిప్రాయం. ఎవరూ అడగకుండానే, దరఖాస్తు లేకుండానే, ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తాము వెల్లడించవలసిన వివరాలను ఆ సెక్షన్ పేర్కొంటుంది. సబ్సిడీ పథకాలకు కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు, రాయితీలు, లైసెన్సులు పొందినవారి వివరాలు అందులో ఉన్నాయి. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో సమాచారాన్ని చేరవేసే అనువైన పద్ధతిని దృష్టిలో ఉంచుకొనాలని కూడ అందులోనే వ్రాసి ఉన్నది.

గోడమీది నుండి తెరమీదికి

రాజస్థాన్‌లోని కొన్ని పంచాయతీలు ఈ సెక్షన్‌ను గోడలపై అమలుచేశాయి. పథకం పేరు, మంజూరైన మొత్తం, లబ్ధి పొందినవారి పేర్లు పెయింటుతో గోడలమీద వ్రాయించారు. గోడకు ఒక గొప్ప గుణం ఉన్నది. దానికి కరెంటు అక్కరలేదు, దారిన పోయేవారందరూ చూస్తారు. కాని ప్రతి నెల మారే రేషను లెక్కను గోడపై వ్రాయడం సాధ్యం కాదు. పైగా 2016 ప్రాంతంలో రాజస్థాన్‌లో పింఛన్ల లెక్కలు కంప్యూటరుకు ఎక్కిన తరువాత కొత్త చిక్కు వచ్చింది. బతికి ఉన్న వృద్ధులు కొందరు రికార్డులో చనిపోయినట్లు నమోదై పింఛను ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో గ్రామంలో ఎవరికీ తెలియదు. లెక్క బీరువాలోనుండి బయటికి వచ్చి కంప్యూటరులో దాగినట్లయింది.

ఈ అనుభవం నుండి పుట్టినదే జన్ సూచనా పోర్టల్. 2019 సెప్టెంబరు 13న జయపురంలో రాజస్థాన్ ప్రభుత్వం దీనిని ప్రారంభించింది. మొదటి రోజున 13 శాఖలకు చెందిన 23 పథకాల వివరాలు ఇందులో పెట్టారు. రేషను, ఉపాధి హామీ, పింఛన్లు, మరుగుదొడ్ల నిర్మాణం, రైతు రుణమాఫీ, గనులలో రాతి దుమ్ము వలన వచ్చే సిలికోసిస్ వ్యాధిగ్రస్తులకు సహాయం మొదలైనవి అందులో చేరాయి. చూడడానికి పేరు నమోదు చేసుకొననక్కరలేదు, సంకేతపదం అక్కరలేదు. జిల్లా, మండలం, పంచాయతీ వరుసలో ఎంచుకుంటే గ్రామం లెక్క తెరమీదికి వస్తుంది. ఫోను లేనివారు ఈ-మిత్ర అనే సేవాకేంద్రాలలో చూడవచ్చు.

అయితే ఇటువంటి తెరలు దేశంలో ఇంతకుముందు కూడ అనేకం వెలిశాయి. ఈ పోర్టల్‌లోని విశేషం దానిని రూపొందించిన విధానంలో ఉన్నది. రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ అధికారులు, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు, గ్రామాలలో పనిచేసే సంఘాల ప్రతినిధులు తరచుగా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ సమావేశాలకు "డిజిటల్ సంవాదం" అని పేరు పెట్టారు. ఒక్కొక్క పథకాన్ని తీసుకొని ఏ గడిలో ఏమి ఉండాలి అని చర్చించారు.

ఈ చర్చ ఎంత అవసరమో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. రేషను దుకాణానికి ఈ నెల ఇన్ని క్వింటాళ్ళ గోధుమలు వచ్చాయి, ఇన్ని క్వింటాళ్ళు పంపిణీ అయ్యాయి అని చూపితే శాఖాధికారికి సరిపోతుంది. కార్డుదారుకు దానివలన ప్రయోజనం లేదు. తన కార్డు సంఖ్య ఎదురుగా ఎన్ని కిలోలు ఇచ్చినట్లు వ్రాశారో తెలిస్తేనే ఆమె తనకు అందినదానితో పోల్చుకొనగలదు. అధికారి దృష్టిలో జిల్లా మొత్తం ముఖ్యం. గ్రామీణురాలి దృష్టిలో ఒక్క వరుస ముఖ్యం. ఒకే సమాచారం ఇద్దరికీ రెండు రకాల పట్టికలలో కావలసి వస్తుంది. ప్రోగ్రాము వ్రాసే యువకునికి ఈ సంగతి చెప్పేవారు లేకపోతే అతడు అధికారి అడిగిన పట్టికనే తయారు చేస్తాడు. అందులో అతని తప్పు ఏమీ లేదు.

పింఛను విషయంలోనూ అంతే. "ఆగినది" అన్న ఒక్క మాట చాలదు. మరణించినట్లు నమోదైనదా, ఆధార్ అనుసంధానం కాలేదా, బ్యాంకు ఖాతా సంఖ్యలో తప్పు ఉన్నదా అన్నది తెలిస్తే ఆ వృద్ధురాలు తహసీలు కార్యాలయానికి పోవలెనో, బ్యాంకుకు పోవలెనో తేలుతుంది. బ్యాంకు శాఖలలో పనిచేసినవారందరికీ ఈ బాధ తెలుసు. ఈ రచయిత ఒక గ్రామీణ శాఖలో ఉన్న రోజులలో ఒక పెద్దాయన పాసుపుస్తకం చేతపట్టుకొని మూడు వారాలు తిరిగాడు. "పింఛను ఇంకా పడలేదు తాతా" అని చెప్పడం తప్ప మాకు చేతనైనది లేదు. "పడలేదని నాకూ తెలుసు బాబూ, ఎందుకు పడలేదో చెప్పు" అన్నాడాయన. మా తెరమీద ఆ గడి లేదు.

రాజస్థాన్ నమూనాను అనుసరించి కర్ణాటకలో "మాహితీ కణజ" అనే పోర్టల్ ఏర్పడింది. కణజ అంటే కన్నడంలో ధాన్యం దాచే గాదె. సమాచారపు గాదె అన్న ఈ పేరు రైతుకు వెంటనే అర్థమయ్యేదిగా ఉన్నది.

డీలరు వైపునుండి చూసినప్పుడు

సరుకు నిల్వలు, అమ్మకాలు అందరికీ కనిపిస్తే డీలరుకు ఇబ్బంది అన్న భయం సహజం. ఎరువుల డీలర్లకు ఈ అనుభవం కొత్త కాదు. 2018 నుండి దేశమంతటా ఎరువుల అమ్మకం ఈ-పాస్ యంత్రంలో నమోదవుతున్నది, ఆ నమోదు ఆధారంగానే కంపెనీకి సబ్సిడీ చెల్లుతున్నది. యంత్రంలో చూపే బస్తాలకు, గోదాములోని బస్తాలకు తేడా వస్తే మొదటి అనుమానం డీలరుపైననే పడుతుంది. అమ్మిన వెంటనే నమోదు చేయకపోవడమో, నెట్‌వర్క్ అందకపోవడమో కారణం కావచ్చు. కాని ఆ కారణం వ్రాయడానికి కూడ ఒక గడి ఉండాలి గదా!

ఈ విషయంలో తైవాన్‌లో జరిగిన ఒక సంఘటన మన డీలర్లకు పనికివస్తుంది. అక్కడ 2012లో "గవ్ జీరో" అనే స్వచ్ఛంద సమూహం ఏర్పడింది. ప్రభుత్వ లెక్కలను సామాన్యులకు అర్థమయ్యేట్లు చేయడానికి ప్రోగ్రాములు వ్రాసేవారు, ఇతర వృత్తులవారు తీరిక వేళల కలిసి పనిచేసే సమూహమిది. 2020 ఫిబ్రవరిలో కరోనా వ్యాధి భయంతో మాస్కులకు కొరత ఏర్పడినప్పుడు అక్కడి ప్రభుత్వం మందుల దుకాణాల ద్వారా రేషను పద్ధతిలో మాస్కులు ఇచ్చింది. ప్రతి దుకాణంలోని నిల్వను బహిరంగపరచింది. ఆ లెక్కతో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు పటాలు తయారు చేశారు. ఏ దుకాణంలో ఎన్ని మాస్కులు ఉన్నాయో ఫోనులో కనిపించసాగింది.

వెంటనే దుకాణదారులకు కష్టం వచ్చింది. కొందరు ఉదయమే టోకెన్లు పంచి, సాయంత్రం మాస్కులు ఇచ్చేవారు. టోకెన్లు అయిపోయినా పటంలో నిల్వ కనిపిస్తూనే ఉండేది. పటం చూసి వచ్చినవారు "ఉంచుకొని లేవంటున్నావు" అని తగాదా పడేవారు. విసిగిన దుకాణదారులు పటాన్ని నమ్మవద్దని చెప్పసాగారు. అప్పుడు వారిని తప్పుపట్టకుండా వారి మాట విన్నారు. టోకెన్లు అయిపోయిన దుకాణం తాత్కాలికంగా పటంనుండి తప్పుకొనే ఏర్పాటు చేశారు. దుకాణం వెనుక బల్లవద్ద జరిగే పని ఏమిటో దుకాణదారు చెప్పేవరకు ప్రోగ్రాము వ్రాసినవారికి తెలియలేదు. మన రేషను డీలరు, ఎరువుల డీలరు కూడ తనపై నిఘా పెట్టారని ముడుచుకొనడంకన్న, లెక్క ఎక్కడ తప్పుగా కనిపిస్తున్నదో చెప్పే మనిషిగా ముందుకు రావడం మేలు. నిజాయితీగా వ్యాపారం చేసే డీలరుకు బహిరంగమైన లెక్కకన్న మంచి సాక్షి దొరకదు.

మన ప్రాంతపు అనుభవం

రాజస్థాన్ విచారణ సభల పద్ధతి తెలుగునేలపై ఉపాధి హామీ పథకం ద్వారా వేళ్ళూనింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం దేశంలో మొదటగా ప్రారంభమైంది. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. రాజస్థాన్ సంఘంవారు శిక్షణలో సహాయపడ్డారు. 2009లో ఈ పని కొరకు ప్రత్యేక సంస్థను రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పింది.

కూలి చెల్లింపుల వివరాలు అప్పటికే కంప్యూటరులో ఉండి, అందరికీ చూడడానికి వీలుగా ఉండేవి. కూలీల కుటుంబాలలోని చదువుకున్న యువతీయువకులు ఆ కాగితాలు అచ్చు తీసుకొని ఇంటింటికీ వెళ్ళి చదివి వినిపించేవారు. "అమ్మా, ఈ వారం నీకు ఆరు రోజుల కూలి ముట్టినట్లు వ్రాశారు, నిజమేనా?" అని అడిగి, ఆమె చెప్పినది వ్రాసుకొని, మండల స్థాయిలో జరిగే బహిరంగ సభలో అధికారుల ముందు పెట్టేవారు. కంప్యూటరు పని ఆ కాగితంతో ముగిసింది. అక్కడినుండి కాలినడక, ఇంటి అరుగు, ఊరి సభ. తనిఖీలో బయటపడిన సొమ్ము అంతా తిరిగి వసూలు కాలేదన్నది కూడ చెప్పవలసిన సత్యమే. తప్పు కనుగొనడం తేలిక, రాబట్టడం కష్టం అన్నది మొండి బకాయిలతో పరిచయం ఉన్న బ్యాంకు ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు.

ఎంతవరకు బహిరంగం?

రుణగ్రహీతలకు ఒక సందేహం రావచ్చును. నా అప్పు సంగతి ఊరందరికీ తెలియవలసిందేనా? తెలియనక్కరలేదు. బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య ఉన్న రుణఖాతా గోప్యమైనది, దానిని కాపాడడం బ్యాంకు బాధ్యత. కాని ప్రభుత్వం ప్రజాధనంతో ఆ రుణాన్ని మాఫీ చేసినప్పుడు, ఎవరికి ఎంత ఇచ్చారన్నది ప్రజల లెక్కలోకి వస్తుంది. పేరు, ఊరు, పథకం, మొత్తం బహిరంగం కావచ్చును. ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య ఎట్టి పరిస్థితిలోనూ కారాదు. 2017లో దేశంలోని కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లలో లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు బయటపడి కలవరం కలిగించాయి. తెరచి ఉంచవలసినదానికీ, మూసి ఉంచవలసినదానికీ తేడా తెలియనివారు పట్టిక తయారు చేస్తే ఇటువంటివి జరుగుతాయి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో లబ్ధిదారుల జాబితాలు కూడ మూతపడతాయేమోనని సమాచార హక్కు ఉద్యమకారులు ఆందోళన వ్యక్తం చేశారు. ఈ ఆందోళనలో బలం ఉన్నదని మా అభిప్రాయం. పేదవాని గోప్యత కాపాడే పేరుతో పేదవానికి రావలసిన బియ్యం లెక్క కనబడకుండా పోతే ఆ గోప్యత ఎవరికి మేలు చేసినట్లు?

పాఠకులు చేయదగిన పని

గ్రామంలో ఇంటరు, డిగ్రీ చదివిన పిల్లలు ఉన్నారు. వారి చేతిలో ఫోను ఉన్నది. నెలకు ఒకసారి, సంఘం సమావేశం రోజుననో, పాల కేంద్రం వద్దనో, ఒక పథకం జాబితాను తెరచి పేర్లు బిగ్గరగా చదివించండి. మహిళా సంఘాలలో పొదుపు లెక్కలు ఇలా చదవడం అలవాటే కనుక ఇది వారికి కష్టం కాదు. తేడా కనిపించిన పేర్లను కాగితంపై వ్రాసి గ్రామసభలో ఇవ్వండి. ఆ జాబితాలో ఏ గడి లేదో, ఏది ఉంటే మీకు ఉపయోగమో అదికూడ వ్రాయండి. ఈ చివరి మాటను చాలామంది వదిలివేస్తారు.

కంప్యూటరుపై ఆసక్తి గల యువకులకు మరికొన్ని దారులు ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 నుండి స్వచ్ఛంద రచయితలతో నడుస్తున్నది. అందులో మన గ్రామం పేజీలో తప్పులుంటే ఆధారం చూపి దిద్దవచ్చును. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉమ్మడి పటంలో ఊరి చెరువు, పశువైద్యశాల, డొంకదారి గుర్తించవచ్చును. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై విద్యార్థులతో పనిచేస్తున్నది. ఇటువంటిచోట్ల చేరినవారు, రేపు ప్రభుత్వ పట్టికల గురించి అధికారులతో మాట్లాడవలసి వచ్చినప్పుడు తడబడరు.

జాబితా అసలు బహిరంగంగా లేకపోతే సమాచార హక్కు చట్టం క్రింద తెల్లకాగితంపై దరఖాస్తు వ్రాయవచ్చును. తెలుగులోనే వ్రాయవచ్చును. ఎందుకు కావలెనో కారణం చెప్పనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2005లో చేసిన నియమాలు గ్రామస్థాయి కార్యాలయాలకు రుసుము లేదని, మండల స్థాయిలో 5 రూపాయలని, ఆపైన 10 రూపాయలని నిర్ణయించాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. సమాధానం 30 రోజులలో రావాలి. దరఖాస్తులో "నా పేరు జాబితాలో ఎందుకు లేదు" అని ప్రశ్న వేయడంకన్న "నా పేరు తొలగించిన ఉత్తర్వు నకలు, అందులో చూపిన కారణంతో సహా ఇప్పించగలరు" అని వ్రాయడం మంచిది. ఎందుకంటే చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న కాగితాన్ని చూసే హక్కు. దరఖాస్తు ఇచ్చిన తేదీతో రసీదు తీసుకొని, పాసుపుస్తకంతోపాటు జాగ్రత్తచేయగలరు.